నడుము వంచి తెచ్చుకున్న ఫిట్ సర్టిఫికెట్

ఇప్పుడు చెప్పబోయేది నా నడుమూ నా పరువూ ఒకే పూటలో నేలపాలైన కథ. పరువు సంగతి వదిలేయండి, అది తర్వాత మెల్లగా కోలుకుంది. నడుము కూడా చాలావరకు కోలుకుంది. ఆ పూటతో పాటు నా చేతిలోంచి జారిపోయిన ఒక రోజు ఉంది, అదే ఇప్పటికీ తిరిగి రాలేదు. ముందు మీరు నవ్వుకోండి. మా ఇంటికొచ్చే చుట్టాలు కూడా నవ్వుకునే వెళ్తుంటారు.

నా పేరు సదానందం. పేరు పెట్టినవాళ్లకు సయాటికా గురించి తెలియదు.

గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుణ్ని. మా వైపు గనిని బాయి అంటాం. ఇరవై రెండేళ్లు బాయి లోపల, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాను. మనిషెత్తు దుంగను భుజాన వేసుకుని, బురదలో మోకాళ్లదాకా దిగి, నెత్తిమీద వేలాడే రాయికి ఊతం పెట్టిన నడుము నాది. అలాంటి నడుము ఎక్కడ చెడిందనుకుంటున్నారు? బాయిలో చెడి ఉంటే నలుగురికి చెప్పుకోవడానికైనా బాగుండేది. మా వంటగదిలో, కింద పడి దొర్లిన ఒక నిమ్మకాయను తీయబోయి చెడింది.

వంగాను. నిమ్మకాయ చేతికి దొరికింది. అదే క్షణంలో కుడి పిరుదులోంచి మడమదాకా కరెంటు పాకింది. నిమ్మకాయతో సహా పక్కకు ఒరిగి గోడవారన పడ్డాను.

"నిమ్మకాయ ఇటియ్యి, పప్పుల పిండాలె" అని మా ఆవిడ స్వరూప వెనక్కి చూడకుండా చెయ్యి చాచింది.

ఇచ్చాను. పిండుకుంది. గిన్నె దించింది. అప్పుడు చూసింది నన్ను.

"ఏందయ్యా, గక్కడ పండుకున్నవ్?"

"పండుకోలే. పడ్డ."

"నిమ్మకాయ తీస్తేనా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందని ఆ రోజు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

దవాఖానలో స్కానింగ్ తీశారు. నడుములో ఎముకల మధ్య ఉండే మెత్త కొంచెం జరిగి నరాన్ని నొక్కుతోందట. నొక్కింది నడుము దగ్గరే అయినా నొప్పి కాలంతా పరుగెత్తుతుందట, దాని పేరే సయాటికా అట. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకో, అందాకా బాయి దిగొద్దు అన్నారు. ఇన్ని మాటల్లో నా చెవికెక్కింది చివరి రెండే.

ఫిజియోథెరపీ గది వరండా చివర ఉంటుంది. మూడు మంచాలు, గోడకు వేలాడే తాళ్లు, ఒక మూల పెద్ద రబ్బరు బంతి. ఇక్కడ చిన్నపిల్లలకు కూడా వైద్యం చేస్తారు కాబోలు అనుకున్నాను. మూడో రోజు ఆ బంతిమీద నన్నే కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టింది మౌనిక మేడం. మంచిర్యాల నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇరవై ఏడెనిమిదేళ్ల పిల్ల. పలకరింపు మెత్తగా ఉండేది కానీ చెప్పిన పని చేసేదాకా వదిలేది కాదు.

"అన్నా, బోర్ల పండుకోండ్రి."

"బోర్ల పండుకుంటే నడుము నయమైతదా మేడం?"

"పండుకొని మోచేతుల మీద లేవాలె. తర్వాత అరచేతుల మీద. నడుము మంచానికే ఉండాలె, ఛాతీ ఒక్కటే లేవాలె."

"పాము లెక్కనా?"

"పాము లెక్కనే. బుస కొట్టుడు మాత్రం వద్దు."

బుస కొట్టకుండా ఎలా ఉంటాం చెప్పండి? ఆ మొదటి వారం నేను లేచినప్పుడల్లా పక్క మంచం మీది భుజంనొప్పి పెద్దాయన ఉలిక్కిపడేవాడు.

వేడి ప్యాక్ పెట్టి, చీమలు పాకినట్టుండే కరెంటు మిషన్ పెట్టి, చివర్లో మేడం రోజూ ఒకే పాఠం చెప్పేది. "నొప్పి యాడున్నదో చూస్కుంట ఉండాలె అన్నా. మడమ నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు ఎక్కుతున్నదంటే నరం ఇడుస్తున్నట్టు. నడుముల నొప్పి జర ఎక్కువైనా ఫికర్ చెయ్యకుండ్రి. కిందికి దిగితే మాత్రం చేసేది ఆపి నాకు చెప్పాలె. ముందుకు వంగుడు అస్సలే వద్దు. చెప్పు తెగినా వంగొద్దు, పైసలు పడ్డా వంగొద్దు."

"నిమ్మకాయ పడితే?"

"పడ్డదాన్ని పడ్డకాడనే ఉండనియ్యిండ్రి."

అప్పటి నుంచి మా ఇంట్లో నా నొప్పి బస్సెక్కి వస్తున్న చుట్టమైపోయింది. పొద్దున లేవగానే స్వరూప అడిగేది, "ఏడిదాకా వచ్చింది?"

"పిక్క దాటింది."

"నిన్న సుత పిక్క కాడనే ఉన్నదంటివి?"

"మెల్లగ వస్తున్నది."

ఈ మాటలు రోజూ వింటున్న పక్క క్వార్టర్ ఆమె ఒకరోజు గోడమీంచి తొంగి చూసి, "ఎవలొస్తున్నరు స్వరూపా, గిన్ని దినాల సంది తొవ్వలనే ఉన్నరు?" అంది.

"మా ఆయన నొప్పి అక్కా" అంది స్వరూప.

ఇలా నవ్వులతోనే రోజులు గడిచేవి కానీ పొద్దున్నే ఫస్ట్ షిఫ్టు సైరన్ మోగినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చేది కాదు. ఇరవై రెండేళ్లు ఆ సైరన్‌ను తిట్టుకుంటూ నిద్రలేచినవాణ్ని. ఇప్పుడు అది మోగితే కాళ్లు వాటంతటవే మంచం దిగేవి. లుంగీతో గుమ్మంలో నిలబడి, హెల్మెట్లు చేతికి తగిలించుకుని డబ్బాలు పట్టుకుని పోయేవాళ్లను చూసేవాణ్ని. వాళ్లు చెయ్యి ఊపేవాళ్లు. నేనూ ఊపేవాణ్ని. వీధి ఖాళీ అయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడేవాణ్ని. బాయి గురించి బెంగ పెట్టుకుంటాడా ఎవడైనా అని మీరు అడగొచ్చు. లోపల ఉక్క, బురద, చీకటి. నిజమే. కానీ ఆ చీకట్లో దుంగకు వీపు ఆనించి, టోపీ లైట్ల వెలుతురులో అందరం కలిసి సద్ది డబ్బాలు విప్పేవాళ్లం. యాకూబ్ భాయ్ ఇంటి ఖట్టీ దాల్ నా గిన్నెలోకి, మా ఇంటి చింతకాయ తొక్కు అతని గిన్నెలోకి మారేవి. ఎవరి డబ్బాలో ఏముందో వాసన పట్టి చెప్పగలిగేవాళ్లం. ఇంట్లో వేడివేడిగా తింటున్నా ఆ రుచి రాలేదు నాకు.

యాకూబ్ భాయ్ గురించి చెప్పాలి. నాకంటే రెండేళ్లు పెద్ద. పద్దెనిమిదేళ్లు ఒకే గ్యాంగులో పనిచేశాం. ఇనుప కడ్డీతో కప్పును తట్టి, ఆ చప్పుడు వినేవాడు. గట్టిగా మోగితే కప్పు బాగున్నట్టు, బోలుగా మోగితే బయటికి ఉరకాలి. ఒకసారి తట్టిన కడ్డీని అక్కడే పారేసి నా చొక్కా కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. నేను నిలబడ్డ చోట ఎద్దంత రాయి పడింది. "ఏంది భాయ్, చొక్కా చింపినవ్" అన్నాను భయంతో ఏమనాలో తోచక. "కొత్తది కుట్టిస్త తియ్యి" అన్నాడు. పండక్కి నిజంగానే కుట్టించాడు.

నేను సిక్కులో, అంటే జబ్బు సెలవులో, ఉన్నన్ని రోజులూ షిఫ్టు దిగి ఇంటికి పోతూ మా మెట్ల మీద కూర్చుని, లోపలి కబుర్లు చెప్పి వెళ్లేవాడు. నాలుగో వారంలో ఒకరోజు మాత్రం వచ్చి, కబుర్లు మాని హెల్మెట్‌ను చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"సదా, ఒక మాట చెప్త, పరేషాన్ గాకు" అన్నాడు చివరికి. "బాయి బంద్ జేస్తున్నరు. బొగ్గు ఒడిసింది. వచ్చే శనివారం ఫస్ట్ షిఫ్టే ఆఖరిది."

ఎప్పుడో ఒకనాడు మూస్తారని అందరికీ తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు.

"మరి మనం?"

"నన్ను నస్పూర్ దిక్కు ఏసిండ్రు. మనోళ్లను తలా ఒక బాయికి. నీది నువ్వు ఫిట్ అయినంక చూస్తరంట."

నస్పూర్ ఏమంత దూరం కాదు, గోదావరి దాటితే వచ్చేస్తుంది. కానీ వేరే బాయి, వేరే షిఫ్టు, వేరే గ్యాంగు. అక్కడ అతని డబ్బాలోకి ఎవరి తొక్కు వెళ్తుందో.

"శనివారం నేనొస్త" అన్నాను.

"నడుముతోటా?"

"నడుమును ఇంట్ల పెట్టి రాలేను గదా భాయ్."

అతను నవ్వాడు కానీ తల అడ్డంగా ఊపాడు. "మేడం చెప్పినట్టు ఇను. నువ్వు మంచిగైతే సాలు."

నేను విన్నానా? వింటే ఈ కథ ఎందుకుంటుంది?

అప్పటికి నా నొప్పి మోకాలి దగ్గర ఆగి ఉంది. శనివారానికి తొమ్మిది రోజులు. మేడం పది సార్లు లేవమంటే వంద సార్లు లేస్తే పది రెట్లు తొందరగా తగ్గుతుందని నేను లెక్క వేశాను. మొదటి రోజు డెబ్బై రెండు దగ్గర చేతులు చచ్చుబడి, ముఖం దిండులో కూరుకుపోయింది. స్వరూప వచ్చి తల పైకెత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూసింది. మర్నాడు నొప్పి మోకాలి దగ్గర్నుంచి మళ్లీ పిక్కకు దిగింది. చుట్టం వెనక్కి బస్సెక్కాడన్నమాట. ఆ సంగతి మేడంకి చెప్పాలి కదా? చెప్పలేదు. పైగా, "నొప్పి నడుము కాడికొచ్చింది మేడం, ఇగ ఫిట్ అని రాయిండ్రి" అన్నాను.

"గంత జల్దినా? ఎల్లకిల పండుకోండ్రి, చూస్త."

ఈ పరీక్ష నాకు తెలుసు. మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తుతుంది. నరం నొక్కుకుపోయి ఉంటే కొంచెం ఎత్తగానే ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకే రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాను. కాలు బల్లమీద పెట్టి, ప్రాణం పోతుంటే నవ్వడం. ఆ నవ్వు చూసి స్వరూప, "గా కరెంటు తలకాయకు సుత పెడుతున్నరా ఏంది?" అని దిగులుపడింది.

మేడం కాలెత్తింది. నేను నవ్వాను. ఇంకొంచెం ఎత్తింది. ఇంకా నవ్వాను. పెళ్లి ఫొటోలో కూడా నేనంత నవ్వలేదు.

"నొప్పి ఉన్నదా?"

"కొంచెం గూడ లేదు మేడం."

"మొఖం నవ్వుతున్నది గని అన్నా, చెయ్యి దుప్పటిని చింపుతున్నది."

చూసుకుంటే నిజంగానే దుప్పటి అంచు నా పిడికిట్లో పిండిన గుడ్డలా ఉంది. ఇంకో మూడు వారాలు అని కాగితం మీద రాసి, ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే సగం పరువైనా మిగిలేది. శుక్రవారం పొద్దున నేను మేడం గదివైపు వెళ్లకుండా, ఆమె రాసిన కాగితం జేబులో దాచేసి, నేరుగా ఫిట్‌నెస్ రాసే డాక్టరు దగ్గర వరుసలో నిలబడ్డాను. నొప్పి తెలియకూడదని పొద్దున వేసుకోవాల్సిన గోలీ, సాయంత్రం వేసుకోవాల్సిన గోలీ కలిపి ఒకేసారి చాయ్‌తో మింగేశాను. ఇలాంటి తెలివి అప్పుడప్పుడూ నాకు పుడుతుంటుంది.

డాక్టరు బల్లమీద కాగితాల గుట్ట. వెనక బారెడు వరుస. ఆయన తప్పేం లేదని ముందే చెప్పేస్తున్నాను. ఆయన అడిగినవన్నీ సరైన ప్రశ్నలే, అబద్ధాలన్నీ నావి.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"కాలు గుంజుతోందా?"

"గుంజుడంటే ఏంది సార్?"

"సరే, ముందుకు వంగి కాలి వేళ్లు ముట్టుకో చూద్దాం."

గోలీల ధైర్యంతో వంగాను. చాలా రోజుల తర్వాత నా కాలి వేళ్లు నాకు అంత దగ్గరగా కనిపించాయి. ముట్టుకున్నాను. గెలిచాననుకున్నాను. రేపు బాయి దిగుతున్నాననుకున్నాను. లేవబోయాను. నడుములో ఏదో కటుక్కుమంది. అంతే, తలుపు గడియ పడ్డట్టు బిగుసుకుపోయింది.

"బాగుంది. ఇక లేవయ్యా" అన్నాడు డాక్టరు.

"లేస్త సార్."

కాసేపు పేజీలు తిప్పిన చప్పుడు.

"ఇంకా వంగే ఉన్నావేంటి?"

"మంచిగనిపిస్తున్నది సార్. ఇంకింత సేపు ఉంట."

"అబ్బో! నేనే ఇంతసేపు వంగలేను." ఆయన గొంతులో నిజమైన మెచ్చుకోలు. అంతలో బల్లమీంచి పెన్ను దొర్లి కింద పడింది. "ఎలాగూ కిందే ఉన్నావు, ఆ పెన్ను అందుకో."

అందుకుని చెయ్యి పైకి చాచి బల్లమీద పెట్టాను. ఆ పెన్నుతోనే ఆయన సంతకం పెట్టాడు. ఆ కాగితాన్నే నా వేళ్ల మధ్య ఇరికించాడు. తల ఎత్తకుండానే "తర్వాత ఎవరు?" అన్నాడు.

అలా నేను, భూమి లోపల బరువు పనికి అన్ని విధాలా తగినవాణ్నని రాసిన కాగితం చేతపట్టుకుని, కొడవలిలా వంగి, వరండాలోకి వచ్చాను.

ఆ ఎత్తులోంచి లోకం మొత్తం చెప్పులే. రబ్బరు చెప్పులు, తోలు చెప్పులు, డ్యూటీ బూట్లు. ఒక బెంచీ పక్కన రెండు ముడతల పాదాలు కనిపించాయి. వాటి ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగాను. నెత్తిమీద ఒక వణికే చెయ్యి పడింది.

"ఎవలి కొడుకువు బిడ్డా, గీ కాలంల గింత మర్యాద! సల్లంగ బతుకు" అంది ఒక అవ్వ గొంతు.

"సల్లంగనే ఉన్న అవ్వా" అన్నాను.

నాలుగడుగులు వేశానో లేదో బూట్లు రెండు అడ్డొచ్చాయి. "ఏం పోయిందన్నా, ఉంగరమా?"

కాదని చెప్పేలోపే ఆ మనిషీ వంగి వెతకడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి ఇంకొకడు. ఇంకో నిమిషానికి వరండాలో నలుగురం వంగి ఉన్నాం. వాళ్ల ముగ్గురికీ లేవడం వచ్చు, అదొక్కటే తేడా.

అప్పుడు నీలం పట్టీల చెప్పులు నా ముందు వచ్చి ఆగాయి.

"సదానందం అన్నా."

గొంతు గుర్తుపట్టాను. అయినా, "ఎవలు?" అన్నాను.

"పైకి చూడుండ్రి, తెలుస్తది."

"పైకి చూడనీకి అయితలేదు మేడం."

ఆమె నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఉంగరం వెతుకుతున్నవాళ్లలో ఒకతను రెండో పక్క పట్టుకున్నాడు. మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద రెండు దిండ్లు పెట్టింది. వేడి ప్యాక్ పెట్టింది. చాలాసేపటికి ఒక దిండు తీసింది. ఇంకా చాలాసేపటికి రెండోది తీసింది. నా నడుము మంచానికి ఆనేసరికి మధ్యాహ్నమైంది. నొప్పి ఎక్కడుందని అడిగింది. కాలి చిటికెన వేలి చివర ఉందని చెప్పాను. నెలరోజుల ప్రయాణం మొత్తం వెనక్కి వెళ్లిపోయింది.

నా చేతిలోంచి జారిన కాగితం తీసి చదివింది. రెండోసారి చదివింది.

"ఇదేందన్నా?"

అప్పుడు చెప్పాను. రేపు ఆఖరి షిఫ్టని, గ్యాంగంతా చెదిరిపోతోందని, యాకూబ్ భాయ్‌తో ఒక్కసారి లోపల కూర్చుని డబ్బా విప్పితే చాలనుకున్నానని.

తిడుతుందనుకున్నాను. స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చుంది.

"ఒకటి అడుగుత చెప్పుండ్రి. రేపు లోపలికి పోయినంక కప్పు కదిలితే ఉరకగలరా?"

నేను ముఖం అటు తిప్పుకున్నాను.

"మీరు ఉరకలేకపోతే యాకూబ్ భాయ్ మిమ్ముల ఇడిశిపెట్టి ఉరుకుతడా?"

నా కాలర్ పట్టుకుని గుంజిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ మనిషి వదిలిపెట్టడు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. నా ఆశ నన్ను అంత గుడ్డివాణ్ని చేసింది.

"నొప్పి ఉన్నది మేడం" అన్నాను. "శానా ఉన్నది."

"ఎరుకే" అంది. ఆ కాగితం తనే తీసుకెళ్లి డాక్టరుకు ఇచ్చి వచ్చింది.

మర్నాడు శనివారం. పొద్దున్నే సైరన్ మోగింది. కాళ్లు దిగలేదు, దిగే స్థితిలో లేవు. చాప మీద బోర్లా పడుకుని, వీధిలో నడిచే బూట్ల చప్పుడు వింటూ ఎవరిది ఎవరిదో పోల్చుకున్నాను. ఇప్పుడు లైట్లు తీసుకుంటుంటారు. ఇప్పుడు దిగుతుంటారు. ఇప్పుడు మొదటి మలుపు దగ్గర నీళ్లు కారేచోట తలలు వంచి ఉంటారు. ఇప్పుడు డబ్బాలు విప్పుతుంటారు. మధ్యాహ్నం షిఫ్టు దిగే సైరన్ రోజూ కంటే చాలాసేపు మోగింది. ఆపాలంటే మోగించేవాడికి చెయ్యి రాలేదేమో. స్వరూప వంటగదిలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

కొంతసేపటికి వాకిట్లో బూట్ల చప్పుడు. స్వరూప లేచి చూసింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి! పొద్దుగాలనే కడిగిన ఇల్లు..." అని మొదలుపెట్టి సగంలో ఆపేసింది. రెండో తలుపు కూడా తెరిచింది. "లోపటికి రాండ్రి అన్నా. బూట్లతోనే రాండ్రి."

యాకూబ్ భాయ్, గ్యాంగులోని మిగతా ముగ్గురూ. స్నానం చేయలేదు, ముఖాలు కడగలేదు. బొగ్గు నలుపులో కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. వచ్చి నా చాప చుట్టూ నేలమీద కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ డబ్బాలు. మూతలు తీయనివి.

"తినలేదా?" అన్నాను.

"విప్పబుద్ధి గాలే" అన్నాడు యాకూబ్ భాయ్. "నీ జాగ కాళీగ కొట్టింది. మోస్కొని పైకి తెచ్చినం."

విప్పారు. నేను మోచేతుల మీద లేచి పాములా తిన్నాను. స్వరూప చింతకాయ తొక్కు జాడీ మొత్తం తెచ్చి మధ్యలో పెట్టింది. తర్వాత నేనే అడిగాను.

"కప్పు తట్టినవా భాయ్?"

"తట్టిన. వచ్చేటప్పుడు ఆఖరుసారి."

"ఏమన్నది?"

"ఏమంటది..." ముద్ద చేతిలోనే ఉంచుకుని నేలవైపు చూశాడు. "గట్టిగనే ఉన్నది సదా. మస్తు గట్టిగున్నది."

అప్పుడు స్వరూప అందుకుంది. దవాఖాన వరండాలో నేను కొడవలిలా వంగి అవ్వతో దీవెనలు తీసుకోవడం, ముగ్గురు మనుషులు లేని ఉంగరం వెతకడం, నా నోట విన్నవన్నీ నటించి చూపించింది. యాకూబ్ భాయ్‌కి నవ్వు ఆగలేదు. కళ్లలోంచి కారిన నీళ్లు బొగ్గు చెంపల మీద రెండు తెల్లటి గీతలు గీశాయి. అవి నవ్వుకు వచ్చినవో కావో నేను అడగలేదు.

ఆ మరుసటి వారమే అతను నస్పూర్ వెళ్లిపోయాడు. సాగనంపడానికి బస్టాండుకైనా వెళ్లలేకపోయాను. బస్సు కుదుపులు నడుముకు మంచివి కావంది మేడం, కాబట్టి చూసి రావడానికీ వీల్లేదు. ఆ తర్వాత రెండు నెలలు నేను బుద్ధిమంతుణ్ని. పది అంటే పది. పక్కకు తిరిగి లేవమంటే పక్కకే తిరిగి లేచాను. చుట్టం మళ్లీ చిటికెన వేలి దగ్గర బస్సెక్కి, పిక్క, మోకాలు, తొడ దాటుకుంటూ నడుముకు చేరి, ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోయాడు. మేడం కాలెత్తితే నవ్వాను. ఈసారి దుప్పటి క్షేమంగానే ఉంది.

మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే పంపారు.

"ఏదీ, ముందుకు వంగు."

"వంగను సార్."

"ఎందుకు? నొప్పా?"

"నొప్పి లేదు సార్. పోయినసారి లేవకముందే మీరు సంతకం పెట్టిండ్రు."

ఆయన పెన్ను కింద పెట్టి మరీ నవ్వాడు. తర్వాత బల్ల ఇవతలికి వచ్చి, పక్కన నిలబడి, సగం వరకు వంచి, తనే లేపి చూశాడు. బరువు పని వద్దు, పైన డ్యూటీ ఇవ్వాలని రాశాడు.

ఇప్పుడు నేను వేరే బాయి దగ్గర ల్యాంప్ రూంలో ఉన్నాను. దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం నా పని. నిలబడి చేసేదే, నడుముకు మంచిది. ఒక్కొక్కరికి లైటు అందిస్తాను, వాళ్లు మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు, కిటికీ దగ్గర నేను ఉంటాను. ఒక్కోసారి వాళ్ల వెనక పోయే చల్లటి గాలిలో బొగ్గు తడి వాసన వస్తుంది. అప్పుడు ఇవ్వాల్సిన లైటు చేతిలోనే పట్టుకుని నిలబడిపోతాను. "కాకా, లైటియ్యి" అని కుర్రాళ్లు అరిస్తే గానీ తెలియదు.

అందుకని, ఈ కథ చదివిన పెద్దలందరూ వినేలా, నా వెన్నులోని ఎముకలన్నీ సాక్షిగా, ఇదే నా ప్రతిజ్ఞ. ఏ డాక్టరు ముందూ తగుదునమ్మా అని వంగను. మేడం చెప్పిన లెక్కకు ఒకటి కూడా కలపను. అన్నిటికంటే ముఖ్యంగా, నొప్పి ఉన్నచోట లేదని ఈ జన్మలో ఎవరితోనూ చెప్పను.

ఈ మాట రాసి పెన్ను మూత పెట్టానో లేదో నస్పూర్ నుంచి ఫోను.

"ఎట్లున్నవ్ సదా?"

"మంచిగున్న భాయ్."

"నేను లేకుంట బాధైతలేదా?"

"బాధ ఎందుకు? కొంచెం గూడ లేదు."

"నాకు సుత అంతే" అన్నాడు యాకూబ్ భాయ్.

ప్రతిజ్ఞ రేపటి నుంచి అమల్లోకి వస్తుంది.